సురవరం ప్రతాపరెడ్డిగారి ప్రజాజీవితము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



గ్రంథాలయమునకు ఇరువదియైదేండ్లు నిండిన శుభదినమున ఒక రాజకీయ నాయకుని స్మరించుట కొందరికి వింతగా తోచవచ్చును. పుస్తకపు బీరువాకును శాసనసభకును సంబంధమేమి యని వారు ప్రశ్నింపవచ్చును. నడిగడ్డలో పెరిగి, వనపర్తి ప్రజలకు ప్రతినిధియై శాసనసభలో కూర్చుండిన సురవరం ప్రతాపరెడ్డిగారి జీవితమే ఆ ప్రశ్నకు సమాధానము.

ప్రతాపరెడ్డిగారు 1896 మే 28వ తేదీన జన్మించిరి. వారి స్వగ్రామము అలంపురమునకు సమీపముననున్న ఇటిక్యాలపాడు. కృష్ణా తుంగభద్రల నడుమనున్న ఈ సీమకు పాండిత్యము క్రొత్త కాదు. పండితులను ఆదరించుటచే గద్వాలకు 'విద్వద్గద్వాల' యను పేరు వచ్చినది. రెడ్డిగారు కర్నూలు, హైదరాబాదు, మద్రాసులలో చదివి, పట్టభద్రులై, న్యాయశాస్త్రమునందును ఉత్తీర్ణులైరి. వకీలు వృత్తిలో స్థిరపడి సుఖముగా ఉండదగినవారే. కాని వారి మనస్సు వేరొక వ్యాజ్యమువైపు మరలెను. అది తెలుగు ప్రజల వ్యాజ్యము.

నాటి నిజాం రాష్ట్రమున తెలుగు మాట్లాడువారే అధికసంఖ్యాకులు. అయినను కచేరీలలోను, న్యాయస్థానములలోను, ఉన్నత విద్యలోను ఉర్దూయే చెల్లుబాటయ్యెడిది. రైతు తన భూమికి సంబంధించిన కాగితమును తాను చదువుకొనలేక మరియొకరి ముఖము చూడవలసియుండెను. 53వ నెంబరు గస్తీ మూలమున సభ జరుపుకొనుటకు సయితము ప్రభుత్వానుమతి కావలసివచ్చెను. సభలకు దారి మూసినచోట పఠనమందిరము దారి తెరచెను. 1901లో హైదరాబాదున స్థాపింపబడిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము మొదలుకొని పల్లెలలోని చిన్న గ్రంథాలయముల వరకు అన్నియు ఈ మేల్కొలుపునకు నిలయములైనవి.

వనపర్తి సంస్థాన ప్రాంతమువారైన రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డిగారు హైదరాబాదు కొత్వాలుగా ఉండి, విద్యార్థులకొరకు రెడ్డి హాస్టలును పోషించుచుండిరి. ప్రతాపరెడ్డిగారు ఆ హాస్టలు బాధ్యతను వహించి, అందలి గ్రంథాలయమును పెంపొందించిరి. 1926 మే నెలలో గోలకొండ పత్రిక వెలువడెను. దానిని నడుపుట సామాన్యకార్యము కాదు. సంపాదకుడే వ్యాసములు వ్రాయవలెను, అచ్చుపని చూడవలెను, చందాదారుల బాకీలను స్మరింపవలెను. పల్లెలో ఒకరు చదువగా పదిమంది విను కాలమది. అట్టి శ్రోతల కందునట్లు రెడ్డిగారు రైతుల కష్టములను, అధికారుల దౌర్జన్యములను, సంఘమునందలి దురాచారములను తేటతెనుగున వ్రాసిరి. సంపాదకీయములను ముందుగా ప్రభుత్వమునకు చూపవలెనని ఆంక్ష విధింపబడినప్పుడు, వారు లోకమునందలి మేధావుల సూక్తులను ఏరి సంపాదకీయ స్థానమున ప్రకటించిరి. చదువరులకు అంతరార్థము బోధపడకపోలేదు.

వారి స్వభావమును తెలుపుటకు ఒక్క సంఘటన చాలును. నిజాం రాష్ట్రమున తెలుగు కవులు పూజ్యమని, అనగా సున్న యని, ఒక పండితుడు వ్రాసెను. మరియొకరైనచో కోపముతో ఘాటైన జవాబు వ్రాసి ఊరకుందురు. రెడ్డిగారు లెక్క చూపదలచిరి. ఊరూరినుండి కవుల వివరములను, పద్యములను రప్పించి, 1934లో గోలకొండ కవుల సంచికను ప్రకటించిరి. అందు 354 మంది కవులు కనిపించిరి. సున్న యన్నవారికి ఆ సంఖ్యయే ప్రత్యుత్తరము. ఇతరులు తన్ను లెక్కింపని ప్రజ తన్ను తానే లెక్కించుకొనవలెనని ఆ గ్రంథము నేర్పెను.

1930 మార్చిలో జోగిపేటయందు నిజాం రాష్ట్ర ప్రథమాంధ్ర మహాసభ జరిగెను. దానికి అధ్యక్షులు ప్రతాపరెడ్డిగారే. ఆ వేదికతోపాటు నడింపల్లి సుందరమ్మగారి అధ్యక్షతన మహిళాసభయు జరిగెను. విద్య, గ్రంథాలయములు, సంఘసంస్కారము నాటి చర్చలలో ముఖ్యములు. కాలక్రమమున మహాసభలో అతివాద మితవాదములు పెరిగి, 1944లో భువనగిరి సభనాటికి చీలిక ఏర్పడెను. రెడ్డిగారిది మితవాదుల త్రోవ. దొరలను, ఉద్యోగులను కలుపుకొని పోయిన ఆ త్రోవ దున్నేవాని ఆకలికి చాలునా యని అడిగినవారు కలరు. ఆ ప్రశ్న న్యాయమైనదే. అయినను, ప్రశ్నించుటకు కావలసిన భాషను పల్లెలకు అందించినవారిలో రెడ్డిగారు అగ్రగణ్యులని ఒప్పుకొనక తప్పదు.

1948 సెప్టెంబరులో నిజాం పాలన అంతరించెను. మరుసటి యేడు ఆంధ్రుల సాంఘిక చరిత్ర వెలువడెను. చరిత్రయనగా రాజుల యుద్ధములే యను భావమును ఆ గ్రంథము తొలగించెను. జనులేమి తినిరి, ఏమి కట్టిరి, ఏ యాటలాడిరి, ఏ పండుగలు చేసిరి యను విషయములను కావ్యములనుండియు, శాసనములనుండియు, సామెతలనుండియు ఏర్చి, దాదాపు తొమ్మిది శతాబ్దుల జీవితమును వారు చిత్రించిరి. గోలకొండ సంచికలో కవులను లెక్కించినవారే ఇందు కుమ్మరిని, కోమటిని, కాపువానిని లెక్కకు తెచ్చిరి.

1952లో జరిగిన మొదటి సార్వత్రిక ఎన్నికలలో వనపర్తి ఓటర్లు కాంగ్రెసు అభ్యర్థియైన రెడ్డిగారిని హైదరాబాదు శాసనసభకు పంపిరి. ఆ పదవి వారికి ఏడాదిన్నర కాలమే దక్కెను. 1953 ఆగస్టు 25న తమ యేబదియేడు సంవత్సరముల వయస్సున పరమపదించిరి. 1955లో ఆంధ్రుల సాంఘిక చరిత్రకు కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించెను. తెలుగున ఆ బహుమానము నందిన మొదటి గ్రంథమదియే. దానిని స్వీకరించుటకు గ్రంథకర్త లేకపోయెను.

శాసనసభలో ఏడాదిన్నర, పత్రికలోను పుస్తకములోను పావుశతాబ్ది. ఈ రెండింటిలో నిజమైన రాజకీయమేదియో సభాసదులే నిర్ణయింతురు గాక. పదవి ముగిసిన దినముననే మరువబడినవారెందరో కలరు. రెడ్డిగారి మాట బీరువా తెరచినవారికి నేటికిని వినిపించుచున్నది.

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు సీమలలో వ్రాతకెక్కని సామెతలు, పాటలు, ఊళ్ల కథలు, తాళపత్రములు ఇంకను కలవు. వృద్ధులతోపాటు అవి మాయమగుచున్నవి. గ్రంథాలయమునకు పుస్తకము తెచ్చుకొనుటకు వచ్చు యువకులు, వచ్చునప్పుడు తమ ఊరి ముచ్చట నొకదానిని వ్రాసి తెచ్చినచో, స్వర్ణోత్సవము నాటికి ఇచటి బీరువాలో ఒక క్రొత్త సంచిక నిలుచును. ప్రతాపరెడ్డిగారికి అంతకుమించిన స్మారకము లేదు.

స్వస్తి.