ఇసుక మేటల్లో వాటా ఎవరిది?



ఎడారి అనగానే మీకు రాజస్థాన్ గుర్తొస్తుంది. నాకు మా అనంతపురం జిల్లా బొమ్మనహాళ్ మండలం గుర్తొస్తుంది. మేం హగరి అని పిలిచే వేదవతి ఎండిపోతే, ఆ ఇసుక గాలికి లేచి దర్గా హొన్నూరు పొలాల్లో మేటలు వేస్తుంది.

దీన్ని ఆపడానికి అందరూ కలిసి చెట్లు నాటాలంటారు. నాటాల్సిందే. కానీ ఆ చెట్టు ఎవరిది? సెంటు భూమి లేని మాదిగ కూలీకి అందులో కూలి తప్ప వాటా ఉందా? కటవారియా సరాయ్‌లో అద్దెకుంటున్న మనకు తెలుసు: గోడకు మనం రంగు వేసినా గది మనది కాదు.

బాబాసాహెబ్ 1927లో మహద్‌లో చెరువు నీటిని హక్కుగా తీసుకున్నారు. 1947లో 'రాష్ట్రాలు–మైనారిటీలు'లో, భూమి ప్రభుత్వానిదై కులభేదం లేకుండా గ్రామస్తులు ఉమ్మడిగా సాగు చేయాలన్నారు.

జహీరాబాద్ మెట్టపొలాల్లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ దళిత మహిళా సంఘాలు జొన్న, కొర్ర, కంది కలిపి పండించాయి. విత్తనం తమ చేతిలోనే ఉంచుకున్నాయి. 2008లో సొంత రేడియో పెట్టాయి. 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి వచ్చింది.

పరిశోధకులుగా మనం ఎన్ని మొక్కలు నాటారో లెక్క రాసుకునే ముందు, పట్టా ఎవరి పేరున ఉందో అడుగుదాం.

జై భీమ్!