వైద్యవిద్యా ప్రవేశపరీక్ష – మన కర్తవ్యము
(తెల్లాపూరు వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



మన తెల్లాపూరున పొలములుండిన చోట నేఁడు మేడలు లేచినవి. భూములమ్మిన ధనము తరుగును, విద్య తరుగదు. కావున మన బిడ్డలు వైద్యులు కావలెనని కోరుట యుచితమే. కాని కోరిక వేఱు, సిద్ధపాటు వేఱు.

2017 నుండి మన రాష్ట్రమున వైద్యకళాశాలలకు నీట్ పరీక్షయే ద్వారము. 2025 నాఁటి పరీక్షలో 180 నిమిషములకు 180 ప్రశ్నలు. 720 మార్కులలో జీవశాస్త్రమునకే 360. ఒప్పునకు నాలుగు వచ్చును, తప్పునకు ఒకటి పోవును. జీవశాస్త్రమును త్వరగా ముగించినవారికే భౌతికశాస్త్రమునకు సమయము మిగులును. ఈ వేగము కడపటి మాసమున రాదు. ఇంటర్మీడియట్ మొదటి యేఁటనుండియే పాఠ్యపుస్తకమును వాక్యము విడువక చదువవలెను. ఆదివారమున గడియారము ముందుంచుకొని వెనుకటి ప్రశ్నపత్రమును వ్రాయవలెను. మఱునాఁడు తప్పులను వేఱొక పుస్తకమున నెక్కించి, ఏది తెలియమివలన, ఏది తొందరవలన కలిగెనో గుర్తింపవలెను. మేము శబ్దములను, ధాతువులను వల్లించినదియు నిట్లే. ప్రశ్నలు తెలుఁగునఁ గూడ నుండును గాన తెలుఁగు మాధ్యమమువారు వెనుదీయ నక్కఱలేదు.

ఒక్క మాట నిర్మొగమాటముగఁ జెప్పెదము. తప్పిన కుమారుని మఱల లాంగ్‌టర్మ్ శిక్షణకుఁ బంప అప్పుచేయు తండ్రి, తప్పిన కుమార్తెకు సంబంధము వెదకుచున్నాఁడు. ఇది న్యాయము కాదు. ఇరువురకును రెండవ యవకాశము సమానముగ నుండవలెను.

ఇరుకు గదులలో చదువు సాగని బిడ్డలు మనలోఁ గలరు. వారికై రాత్రి పదిగంటలవఱకు దీపము వెలుఁగు పఠనమందిరమొకటి తెల్లాపూరున నెలకొల్పుఁడని పోషకులను వేఁడుచున్నాము. స్వస్తి.