తెరలేని యంత్రపు కుశలము



మీడియం వేవ్‌పై ప్రసంగము వినుచుండగా మాట క్షణకాలము ఆగినచో కంగారుపడి మీట త్రిప్పకుడు. హోరు పెరుగక నిశ్శబ్దము మాత్రమే యున్నచో కేంద్రపు తరంగము మీ యింటికి వచ్చుచునే యున్నది. వక్త ఊపిరి తీసికొనుచున్నాడు, అంతే. హోరు ఒక్కసారిగా పైకి లేచినచో ప్రసార యంత్రమే ఆగినదని అనుమానింపవచ్చును. కంటికేమియు కనబడకున్నను చెవి ఈ భేదము నెరుగును. మా వృత్తిలో నిశ్శబ్దమును వినుట కూడ ఒక పని.

1957 అక్టోబరు 4వ తేదీ రాత్రి ఈ విద్యయే గొప్ప పరీక్షకు గురియయ్యెను. ఆనాడు సోవియట్ యూనియన్ ప్రయోగించిన స్పుట్నిక్, 58 సెంటీమీటర్ల వ్యాసము, 83.6 కిలోల బరువు గల గోళము. కమ్చట్కాలోని కేంద్రము దాని సంకేతమును ఒకసారి వినెను. కాని అది కక్ష్యలో నిలిచినదో, క్రిందికి జారుచున్నదో చెప్పగలవారెవరు? అందరును సుమారు గంటన్నర వేచియుండిరి. గోళము భూమిని చుట్టివచ్చి మరల పలికిన పిమ్మటనే కొరొల్యోవ్ మాస్కోకు శుభవార్త తెలిపెను.

అది 20.005, 40.002 మెగాహెర్ట్జ్‌లపై పలికెను. ఒకటి పలుకునపుడు రెండవది మౌనము వహించును. ఒక్కొక్క పలుకు సుమారు 0.3 సెకన్లు. గోళములో నత్రజని నింపిరి. లోపలి వేడిమి 50 డిగ్రీలు మించినను, సున్నకు దిగువకు పోయినను, ఉల్క తగిలి వాయువు కారి ఒత్తిడి పడిపోయినను ఆ పలుకుల నిడివి మారునట్లు అమర్చిరి. నాడి పట్టు వైద్యునివలె, వినువాడు ఆ నిడివిని కొలిచి లోపలి స్థితిని గ్రహింపవలెను.

లోకమంతయు విన్న ఆ ‘బీప్’ నిజమునకు ఆకాశమున పుట్టినది కాదు. వచ్చినది ధ్వనిలేని తరంగము. గ్రాహకములోని ఆసిలేటరు దానితో కలిసి కూతను పుట్టించెను. స్టేషను దాటిపోవు రైలు కూతవలె, గోళము సమీపించి దూరమగుచుండగా ఆ స్వరము క్రమముగా దిగుచుండెను. అమెరికాలో జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయ ప్రయోగశాలకు చెందిన గయర్, వైఫెన్‌బాక్ అను ఇరువురు ఈ దిగుడును కొలిచి కక్ష్యనే లెక్కకట్టిరి. ట్రాన్సిట్ అను నౌకామార్గ నిర్ణయ ఉపగ్రహ వ్యవస్థకు బీజము ఇచ్చటనే పడెను.

అక్టోబరు 26వ తేదీన బ్యాటరీలు ఉడిగి ఆ గొంతు ఆగెను. గోళము మాత్రము మరి 70 దినములు మౌనముగా తిరిగి, 1958 జనవరి 4వ తేదీన వాతావరణములో కాలిపోయెను.