మారిషస్‌లో మా సెలవులు

(ఫ్రీమాంట్‌లో జరిగిన సంక్రాంతి సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంక్రాంతి గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. గొబ్బెమ్మల సంగతి, గంగిరెద్దుల సంగతి నాకంటె బాగా చెప్పగలవారు ఈ సభలో చాలామంది ఉన్నారు. అందుచేత మొన్న డిసెంబరు సెలవులలో మేము మారిషస్ వెళ్ళివచ్చిన ముచ్చట చెబుతాను. అది మన ముచ్చటే అని చివరకు మీరే ఒప్పుకుంటారు.

విశాఖపట్నంలో చదువుకునే రోజుల్లో హాస్టల్లో నా పక్కగది కుర్రవాడు మారిషస్‌వాడు. తెలుగువాడే. అతని ముత్తాతకు తండ్రి చెరకుతోటల్లో కూలికి ఆ దీవికి వెళ్ళాడట. "ఒకసారి మా ఇంటికి రా" అని ముప్ఫై ఏళ్ళుగా, మొదట ఉత్తరాల్లోనూ తరవాత ఫోనులోనూ, పిలుస్తూనే ఉన్నాడు. ఈసారి పిల్లల బడికి సెలవులివ్వగానే నలుగురం బయలుదేరాం. దుబాయిలో విమానం మారి అక్కడ దిగేసరికి ఇక్కడ తొడుక్కున్న చలికోట్లు చేతికి బరువయ్యాయి. డిసెంబరు ఆ దేశానికి నడివేసవి. రోడ్డు పొడుగునా తురాయిచెట్లు ఎర్రగా విరగబూసి ఉన్నాయి. బజారునిండా లిచీ పళ్ళ గుత్తులు.

మా మిత్రుడి ఇల్లు రాజధాని పోర్ట్ లూయిస్‌లో. ఒక పక్క సముద్రం, వెనక కొండలు, మధ్య ఇరుకు వీధులు. చర్చి, మసీదు, చీనావారి బజారు, మన గుళ్ళు అన్నీ ఆ కాస్త ఊళ్ళోనే. బడిలో ఇంగ్లీషు, పత్రికలో ఫ్రెంచి, ఇంట్లోనూ వీధిలోనూ క్రియోల్, పూజలో ఎవరి భాష వారిది. క్రిస్మస్ నాడు పక్కింటి క్రైస్తవులు కేకు పంపించారు. దీపావళికి వీళ్ళు వాళ్ళకు మిఠాయిలు పంచారట. జనవరి 1, 2 తేదీలు రెండూ అక్కడ సెలవే. ఆ రెండు రోజులూ ఎవరింటికి ఎవరు వెళుతున్నారో లెక్కే లేదు. మన ఉగాదికి కూడా దేశమంతటికీ సెలవని తెలిసి మా ఆవిడ, "మన ఊళ్ళో ఉగాదినాడు మనం ఆఫీసుకి పోతాం కదండీ" అన్నది. నేను మాట్లాడలేదు.

బజారుకి వెళ్ళాం. బీరకాయల్ని అక్కడ పిపంగాయ్ అంటారు. కరివేపాకు కరిపులే. మునగాకు బ్రెడ్ మురుం. ఇవన్నీ అరవదేశంనుంచి ఓడెక్కి వచ్చి క్రియోల్‌లో కలిసిపోయిన మాటలు. గాతో పిమాఁ అని వేడివేడిగా అమ్ముతుంటే తిన్నాం. పేరు ఫ్రెంచిది, రుచి మన మసాలా వడది!

ఒక ఉదయం మిత్రుడు మమ్మల్ని రేవు దగ్గర ఆప్రవాసీ ఘాట్‌కు తీసుకువెళ్ళాడు. మారిషస్‌లో బానిసత్వం 1835లో రద్దయింది. చెరకుతోటల దొరలు కూలీలకోసం మన దేశంమీద పడ్డారు. కలకత్తానుంచి 'అట్లాస్' అనే ఓడ 1834 నవంబరు 2న తొలి జట్టును దింపింది. ఆ తరవాత 1920 దాకా దాదాపు 5 లక్షలమంది మన దేశస్థులు ఒప్పందకూలీలుగా ఆ దీవిలో దిగారు. మనవాళ్ళు గోదావరి మొదలు శ్రీకాకుళం దాకా ఉన్న ఊళ్ళనుంచి వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరుమీద వాళ్ళను కోరంగీలు అన్నారు. ఘాట్‌లో ఇప్పుడు మిగిలినవి కొన్ని నల్లరాతి గోడలు, కొన్ని మెట్లు. యునెస్కో 2006లో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఓడ దిగినవాళ్ళ వివరాల పుస్తకాలు మహాత్మాగాంధీ సంస్థలో భద్రంగా ఉన్నాయి. "మా తాత సంతకం చెయ్యలేడు. కాని పాటలు తెచ్చుకున్నాడు" అన్నాడు మా మిత్రుడు.

ఆ పాటల సంగతే నేను చెప్పదలచుకున్నది.

ఒక శనివారం రాత్రి వాళ్ళింట్లో రామభజనం. మధ్యన దీపం వెలిగించి, ఆడా మగా దాని చుట్టూ తిరుగుతూ, అడుగు వేస్తూ పాడుతారు. పాడించేది మిత్రుడి తల్లిగారు. ఎనభై దాటిన మనిషి. ఆవిడ మాట్లాడేది క్రియోల్. తెలుగులో నీళ్ళు, అన్నం, కూర్చో, మళ్ళీ, ఇలాటి ఇంటిమాటలు కొన్ని వచ్చు. పాటలు మాత్రం ఒక పాత నోటుపుస్తకం నిండా ఉన్నాయి, అవీ ఇంగ్లీషు అక్షరాల్లో.

పాట మధ్యలో ఒక మాట తప్పు పలికారు. తప్పంతా నాదే అనుకోండి, నోరు ఊరుకోక "మామ్మగారూ, అది అలా కాదండీ" అని దిద్దాను. తాళం ఆగిపోయింది. అందరూ నావంక చూశారు. ఆవిడకు కోపం రాలేదు. కొడుకుతో ఏదో అన్నారు. "ఆ మాటకు అర్థమేమిటని అడుగుతున్నది. డెబ్భై ఏళ్ళుగా పాడుతున్నదట, చెప్పేవారు లేకపోయారట" అన్నాడతను. చెప్పాను. ఆవిడ ముఖం వెలిగిపోయింది. మళ్ళీ ఏదో అన్నారు. మిత్రుడు నవ్వుతూ, "మిగతా పాట నిన్ను పాడమంటున్నది" అన్నాడు.

నాకు ఆ పాట రాదు. అదే కాదు, ఏ పాటా మొదటినుంచి చివరిదాకా రాదు. మా అమ్మ పాడేది. నేను వినేవాణ్ణి. అంతే. దీపం ముందు తలవంచుకుని నిలబడ్డాను. చదువురాని కూలి మనిషి సముద్రం దాటించి మునిమనవల దాకా అందించినదాన్ని, విమానంలో వచ్చిన నేను నా కొడుకు దాకా కూడా తేలేదు.

మరునాడు ఉదయం చూస్తే వసారాలో మా పెద్దవాడు మామ్మగారి పక్కన కూర్చుని ఉన్నాడు. వాడికి పద్నాలుగేళ్ళు. శనివారం తెలుగు తరగతిలో అక్షరాలు దిద్దాడు గాని, ఇంట్లో మేం తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబిస్తాడు. ఆవిడకు ఇంగ్లీషు రాదు, వాడికి క్రియోల్ రాదు. ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నది ఆ కాస్త తెలుగే. ఆవిడ నెమ్మదిగా పాడుతున్నారు, వీడు తెలుగక్షరాల్లో రాసుకుంటున్నాడు. "మళ్ళీ చెప్పండి మామ్మగారూ" అంటున్నాడు. మా వాడి నోట ఒక పూర్తి తెలుగు వాక్యం విని ఎన్నాళ్ళయిందో! తెలియని మాటకు అర్థం నన్నడిగేవాడు. నాకూ తెలియనివి ఉన్నాయి, అవి రాసి పెట్టుకున్నాం. మేం బయలుదేరే నాటికి మూడు పాటలు పూర్తయ్యాయి. పుస్తకంలో ఇంకా నలభై దాకా ఉన్నాయి. ఆవిడ వయసు మీకు చెప్పాను.

నాకు తోచింది ఇది. మన ఫ్రీమాంట్‌లో పిల్లలకు తెలుగుతో అవసరం పడడం లేదు. వాళ్ళు ఇంగ్లీషులో అడిగినా మనం అన్నం పెడుతున్నాం. అవసరం లేని భాష ఎంత చెప్పినా ఒంటబట్టదు. అక్కడ ఆ ముసలావిడకూ మా వాడికీ అవసరం పడింది, మాట వచ్చింది.

ఈ ఊరు కూడా 1956లో అయిదు చిన్న ఊళ్ళు కలిసి ఏర్పడ్డదే. మన వీధుల్లో ఆఫ్ఘన్లు, చీనావారు, పంజాబీలు, ఎందరో ఉన్నారు. అందరితో కలిసిమెలిసి ఉండడం వల్ల మన భాష పోదు. పోర్ట్ లూయిస్‌లో అది చూశాను. ఇంట్లో దీపం చుట్టూ నలుగురు చేరనప్పుడే పోతుంది.

అందుచేత ఒక్క మనవి. ప్రతి ఇంటిలోనూ పెద్దవాళ్ళు ఒక్క పాటైనా సాంతం నేర్చి పిల్లల చేత పాడించండి. వాళ్ళు తప్పు పలికితే నాలాగా మధ్యలో ఆపకండి. పాట అయినాక అర్థం చెప్పండి.

ఈ చలికాలంలో మనకు ఆదివారం ఉదయం ఎనిమిదైతే అక్కడ రాత్రి ఎనిమిది. వారం వారం మా ఇంట్లో ఫోను మోగుతున్నది. మొన్నటి ఆదివారం నాలుగో పాట మొదలైంది. దాని పల్లవి నేను కూడా నేర్చుకుంటున్నాను. వచ్చే సంక్రాంతికి ఈ వేదికమీద మేమిద్దరం పాడతాం. నా గొంతు సంగతి తెలిసినవారు క్షమించాలి.

సెలవు.