ఎర్రమచ్చను రుద్దకండి

కాప్రా, సైనిక్‌పురి వైపు మంచం పట్టిన పెద్దవాళ్లను చూసుకునే ఆయాలకు, వాళ్లకు నేర్పే నర్సులకు ఈ నాలుగు మాటలు. నడుం కింద ఎర్రమచ్చ కనిపిస్తే స్పిరిట్, పౌడరు వేసి రుద్దడం పాత అలవాటు. వద్దంటున్నాయి అంతర్జాతీయ మార్గదర్శకాలు. రుద్దితే లోపలి కండ ఇంకా దెబ్బతింటుంది. వేలితో నొక్కి చూడండి. తెల్లబడకపోతే పుండు మొదలైనట్టే. చామనఛాయ ఒంటి మీద ఎరుపు తెలీదు, వేడి, గట్టిదనం చూడాలి. ఆ వైపు బరువు పడనివ్వకూడదు. మడమలు పరుపుకి తగలకుండా పిక్కల కింద దిండు పెట్టాలి.

ఈ పుండ్ల ముప్పు ఎవరికెంతో అంచనా కట్టే బ్రేడెన్ స్కేలు 1987 నుంచీ ఉంది. కానీ ఇవన్నీ కాగితం మీద రాసి గోడకు అంటిస్తే ఎవరు చదువుతారు చెప్పండి? నర్సమ్మ మంచం పక్కన నిలబడి చేసి చూపాలి, కారణం చెప్పాలి. "ఎప్పట్నుంచో ఇలాగే చేస్తున్నానమ్మా" అనే ఆయాను కసరకూడదు. మనిషిని పక్కకు తిప్పిన వేళ రాసే పుస్తకం మంచం దగ్గరే ఉంటే, నైట్ డ్యూటీవాళ్లకు అడగక్కర్లేకుండా తెలుస్తుంది.