ఎండ, ఇనుము, నెగటివ్

(మొవ్వలో చేసిన స్మారకోపన్యాసం)

 

మన ఫొటో స్టూడియో మాస్టారి మంచితనం గురించి నాకంటే ముందు మాట్లాడినవాళ్లు చెప్పారు. అందులో నేను కలపగలిగింది ఏమీ లేదు. ఆయన జీవితమంతా చేతిలో పట్టుకున్న ఒక్క వస్తువు గురించి మాట్లాడదామని వచ్చాను. అది నెగటివ్. ఫొటో మన ఇళ్లకు వచ్చింది, గోడకెక్కింది, దండ వేయించుకుంది. నెగటివ్ మాత్రం స్టూడియోలోనే, ఖాకీ కవర్లో, నంబరు వేయించుకుని ఉండిపోయింది. ఫొటో గురించి అందరం మాట్లాడతాం. నెగటివ్ చరిత్ర చెప్పుకున్నవాళ్లు తక్కువ. ఈ సాయంత్రం అది చెప్పుకుందాం. ఎందుకంటే ఆ నెగటివ్ ఈమధ్య మళ్లీ పుట్టింది. ఈసారి కంప్యూటర్లో పుట్టి, ప్రింటర్లోంచి బయటికి వస్తోంది.

1839లో ఫొటోగ్రఫీ లోకానికి తెలిసేనాటికి దారులు రెండు. ఫ్రాన్సులో డాగేర్ వెండిపూత పూసిన రాగిరేకు మీద బొమ్మ పట్టాడు. అద్భుతమైన బొమ్మే, కానీ ఒక్కటే. దానికి నకలు లేదు. ఇంగ్లండులో టాల్బట్ కాగితాన్ని ఉప్పునీళ్లలో ముంచి, ఆరబెట్టి, దాని మీద సిల్వర్ నైట్రేట్ పూసి ఎండలో పెట్టాడు. 1841లో ఆయన పేటెంటు తీసుకున్న కాలోటైప్ పద్ధతిలో కెమెరాలోంచి వచ్చేది కాగితపు నెగటివ్. దాన్ని ఇంకో ఉప్పు కాగితం మీద బోర్లించి ఎండకు పెడితే అసలు బొమ్మ. ఒకటి చేస్తే వంద చేసుకోవచ్చు. ఉప్పు కొటారులు చూస్తూ పెరిగిన దివిసీమ వాళ్లకు ఇది వింతగా ఉండకూడదు. కాగితం మీద తొలి ఫొటోలు నిలబడింది ఉప్పు మీదే.

కాగితపు నెగటివ్‌కు ఒక జబ్బు ఉంది. కాగితం పీచు కూడా బొమ్మలో దిగుతుంది. 1851లో గుస్తావ్ ల గ్రే అనే ఫ్రెంచి చిత్రకారుడు కాగితానికి ముందుగానే మైనం పట్టించాడు. పీచు కనపడటం తగ్గింది. ఇంకో లాభం కూడా వచ్చింది. మైనపు కాగితాన్ని ముందే తయారుచేసుకుని కొన్ని రోజులపాటు దాచుకోవచ్చు. అదే ఏడాది వచ్చిన కొలోడియన్ గాజుపలక అలా కాదు. తడి ఆరకముందే బొమ్మ తీయాలి, తీసిన చోటే గుడారం వేసుకుని కడగాలి. మన ఎండల్లో ఆ పని ఎంత కష్టమో ఊహించుకోండి. ఎండ దేశాల్లో తిరిగే ఫొటోగ్రాఫర్లు మైనపు కాగితాన్ని అంటిపెట్టుకుని ఉన్నారంటే అందుకే.

అలాంటివాళ్లలో ఒకాయనకు మన కృష్ణతో సంబంధం ఉంది. కెప్టెన్ లినేయస్ ట్రైప్. 1856లో మద్రాసు ప్రెసిడెన్సీ ప్రభుత్వం ఆయన్ని తన ఫొటోగ్రాఫర్‌గా నియమించుకుంది. శ్రీరంగం, తంజావూరు, మదురై తిరిగి ఆలయాలు తీశాడు. 1858లో మద్రాసు మ్యూజియంలో ఉన్న అమరావతి శిల్పాలను తీశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు చేర్పించిన సున్నపురాతి పలకలు అవి. ఆ వెంటనే వాటిలో చాలాభాగం ఓడెక్కి లండన్ వెళ్లిపోయాయి. మన నదీతీరపు రాళ్లు మన దగ్గర ఉండగా ఎలా ఉన్నాయో చూపించే సాక్ష్యం ఆ ఫొటోలు.

ట్రైప్ పనిలో నన్ను ఆపేసే సంగతి వేరే ఉంది. ఆనాటి నెగటివ్‌లకు నీలం వెలుతురు ఎక్కువగా తగిలేది. నేల సరిగ్గా పడేసరికి ఆకాశం మాడిపోయి ఖాళీగా వచ్చేది. ట్రైప్ కుంచె తీసుకుని నెగటివ్ మీదే రంగు పెట్టి మేఘాలు దిద్దాడు. 1855లో బర్మాలో తీసిన వాటిలో ఈ పనితనం బాగా కనిపిస్తుంది. కొందరు దీన్ని మోసమంటారు. నేను అనను. ప్రింటు ఎలా రావాలో మనసులో పెట్టుకుని దానికి తగ్గట్టు నెగటివ్‌ను సిద్ధం చేయడం ఈ విద్యలో మొదటినుంచీ ఉంది. నెగటివ్ చూసి మురిసిపోయే వస్తువు కాదు, అచ్చు వేయడానికి చేసుకునే పనిముట్టు. నేను ఈ సాయంత్రం చెప్పదలచుకున్నదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

తరవాత గాజుపలకల కాలం. హైదరాబాదు, సికింద్రాబాదుల్లో రాజా దీన్‌దయాళ్ నడిపిన స్టూడియోల గురించి మీరు వినే ఉంటారు. 1905లో ఆయన పోయారు. ఆయన గాజు నెగటివ్‌లు 2,800కు పైగా ఇప్పుడు ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. అవి నిలిచాయి కాబట్టే ఆరో నిజాం నాటి హైదరాబాదు మనకు కనపడుతోంది.

మన చిన్న ఊళ్ల స్టూడియోల్లోనూ ఇదే విద్య నడిచింది. రీటచింగ్ బల్ల గుర్తుందా మీకు? వాలుగా ఉండే బల్ల, మధ్యలో కంత, కింద వెలుతురు కోసం అద్దం. కంత మీద నెగటివ్ పెట్టి, పెన్సిల్ మొనను సూదిలా అరగదీసి, చెంప మీద మశూచి గుంట ఉన్నచోట సన్నగా గీతలు గీసేవాళ్లు. నెగటివ్‌లో నలుపు చేరితే ప్రింటులో తెలుపు వస్తుంది, గుంట పూడుతుంది. ఒక భాగం మరీ నల్లగా పడుతోందంటే అక్కడ పలచగా ఎర్రరంగు పూసేవాళ్లు. ఆ ఫొటోలు అచ్చు వేసే బ్రోమైడ్ కాగితానికి నీలం వెలుతురే తెలుసు. ఎర్రరంగు ఆ వెలుతురును ఆపేస్తుంది. ఆ ఎర్రరంగును గుర్తుపెట్టుకోండి. మళ్లీ దాని దగ్గరికి రావాలి.

ఇరవయ్యో శతాబ్దంలో నెగటివ్ చిన్నదైపోయింది. ఎన్‌లార్జర్ వచ్చాక బొటనవేలంత ఫిల్ము చాలు, గోడంత ఫొటో తీయొచ్చు. ఆ సుఖంలో ఒకటి పోయింది. ఎన్‌లార్జర్ దీపానికి స్పందించేవి బ్రోమైడ్ కాగితాలే. అంతకుముందున్న పద్ధతులకు, అంటే ఉప్పు కాగితం, 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన నీలి సైనోటైప్, 1873లో విలియం విల్లిస్ పేటెంటు తీసుకున్న ప్లాటినం, బంక బైక్రోమేటు, వీటన్నిటికీ కావలసింది ఎండ. ఎండలో ఉన్న అతినీలలోహిత కిరణం. వీటిని ఎన్‌లార్జర్ కింద పెడితే రోజంతా పెట్టినా లాభం లేదు. నెగటివ్‌ను కాగితానికి ఆనించి ఎండలో పెట్టాల్సిందే. అంటే ఫొటో ఎంత పెద్దదో నెగటివ్ అంత పెద్దది ఉండాలి. పెద్ద కెమెరాలు మూలపడ్డాయి, వాటితోపాటు ఈ ముద్రణలూ మూలపడ్డాయి. ఒక్క సైనోటైప్ మాత్రం ఇంజనీర్ల ఆఫీసుల్లో బ్లూప్రింట్ అనే పేరుతో బతికింది. 1843లోనే అన్నా అట్కిన్స్ అనే ఆవిడ సముద్రపు నాచుల పుస్తకమంతా అందులో అచ్చు వేయడం మొదలుపెట్టింది. ఆ తరవాత అది వంతెనలకూ కట్టడాలకూ నక్షా కాగితమైంది.

ఈ ఎండ ముద్రణలకు తలుపు మళ్లీ తెరుచుకుంది 1990లలో. అమెరికాలో డాన్ బర్క్‌హోల్డర్ అనే ఫొటోగ్రాఫర్, ముద్రణాలయాలవాళ్లు ఫిల్ము తీసే యంత్రం మీద తన కంప్యూటర్ బొమ్మను నెగటివ్‌గా తీయించుకున్నాడు. ఆ పద్ధతి మీద 1995లో పుస్తకం వేశాడు. కొద్ది సంవత్సరాలకే ఇంక్‌జెట్ ప్రింటర్లు మెరుగుపడ్డాయి. ఒకప్పుడు క్లాసుల్లో ఓహెచ్‌పి మీద పెట్టేవాళ్లే, ఆ పారదర్శకమైన షీటు మీద ఇంట్లోనే నెగటివ్ తీసుకోవడం మొదలైంది. ఇవాళ మీ జేబులో ఫోన్‌లో ఉన్న బొమ్మ రేపు పొద్దున్నకల్లా ఏ4 నెగటివ్ కాగలదు.

ఇది మనవాళ్లకు కొత్తా? పెళ్లికార్డులు వేసే స్క్రీన్ ప్రింటింగ్ కుర్రాణ్ని అడగండి. కంప్యూటర్లో అక్షరాలు కూర్చి, ట్రేసింగ్ కాగితం మీద లేజర్ ప్రింటు తీసి, బైక్రోమేటు కలిపిన మందు పూసిన స్క్రీను మీద ఆనించి వెలుతురు పెడతాడు. వెలుతురు తగిలిన చోట మందు గట్టిపడుతుంది, తగలనిచోట నీళ్లకు కరిగిపోతుంది. బంక బైక్రోమేటు ఫొటోలో జరిగేదీ అచ్చంగా ఇదే. పెడనలో కొన్ని షెడ్లలో కలంకారీ డిజైన్లను స్క్రీన్ల మీదికి ఎక్కించేదీ ఇలాగే.

పెడన పేరు ఎత్తాక అచ్చుల దగ్గర ఆగకుండా ఉండలేను. టేకు అచ్చు చెక్కే పనివాడు ఒక్క పువ్వుకు ఒక్క అచ్చు చెక్కడు. గీతకు ఒకటి, ఎరుపుకు ఒకటి, నలుపుకు ఒకటి. ఏ అచ్చును విడిగా చూసినా పువ్వు పూర్తిగా కనపడదు. మూడు రంగుల్లో బంక ముద్రణ చేసేవాళ్లు ఒకే ఫొటో నుంచి మూడు నెగటివ్‌లు తీస్తారు, ఒక్కోదాన్ని ఒక్కో రంగుకు. అంచులకు గుర్తులు పెట్టుకుని ఒకదాని మీద ఒకటి తప్పకుండా దింపుతారు. పెడన పనివాడి చూపు ఉన్నవాడికి ఈ విద్య పదిరోజుల్లో వస్తుందని నా నమ్మకం.

రసాయనంలో చుట్టరికం ఇంకా దగ్గరది. కలంకారీ గుడ్డను కరక్కాయ, గేదెపాలలో ముంచి ఆరబెడతారు. తుప్పుపట్టిన ఇనుపముక్కలు బెల్లంతో కలిపి ఊరబెట్టిన నీళ్లను అచ్చుతో అద్దుతారు. ఇనుమూ కరక్కాయ వగరూ కలిసినచోట నలుపు పుడుతుంది. సైనోటైప్ కూడా ఇనుము పనే. ఫెర్రిక్ అమోనియం సిట్రేట్ 100 మిల్లీలీటర్లకు 25 గ్రాములు, పొటాషియం ఫెర్రిసయనైడ్ 100 మిల్లీలీటర్లకు 10 గ్రాములు, రెండూ విడివిడిగా కరిగించి సమానంగా కలిపి కాగితానికి పూయడమే. ఎండ తగిలినచోట ఇనుము రూపం మారి, నీళ్లలో కడిగితే నీలంగా నిలుస్తుంది. ఆ నీలి బొమ్మను బట్టల సోడా నీళ్లలో ముంచితే పసుపుపచ్చగా పాలిపోతుంది. తరవాత వగరు నీళ్లలో, అంటే కరక్కాయ నీళ్లలో వేస్తే గోధుమ కలిసిన నల్లటి బొమ్మ తిరిగి లేస్తుంది. అదే ఇనుము, అదే వగరు, పెడన నలుపుకు సొంత తమ్ముడు. బందరు రేవునుంచి యూరపుకు వెళ్లిన గుడ్డల మీద ఉన్న నలుపుకూ ఇంగ్లండు నుంచి వచ్చిన ఈ ఫొటో పద్ధతికీ మధ్య ఇంత చిన్న దూరం ఉందని తెలిసిన రోజున నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

ఇక చేతిపని. బొమ్మను కంప్యూటర్లో నలుపు తెలుపులు తిరగేసి ప్రింటు తీస్తే చాలనుకుంటారు చాలామంది. అలా తీస్తే సైనోటైప్‌లో చామనఛాయ ముఖాలు ఒకే నీలిముద్ద అవుతాయి, తెల్లచొక్కా గోడలో కలిసిపోతుంది. ఒక్కో పద్ధతి ఒక్కో రకంగా వెలుతురు తాగుతుంది. ఉప్పు కాగితానికి బ్రోమైడ్ కాగితం కంటే దాదాపు రెట్టింపు తేడా ఉన్న నెగటివ్ కావాలి. అందుకని ముందు కాగితాన్నే అడగాలి. నెగటివ్ లేకుండా, ఖాళీ షీటు కింద మందు పూసిన కాగితం పెట్టి, ఒక్కో పట్టీని కొన్ని నిమిషాలు ఎక్కువగా ఎండకు పెట్టి, నీలం ఇక ముదరడం ఆగే సమయం కనుక్కోవాలి. ఆ సమయానికి కట్టుబడి, తెలుపునుంచి నలుపుదాకా మెట్లుమెట్లుగా ఉన్న పట్టీ అచ్చు వేయాలి. ఆరాక స్కాన్ చేసి ఏ మెట్టు ఎక్కడ పడిందో చూసి, దానికి విరుగుడుగా కంప్యూటర్లో ఒక వంపుగీత గీసుకోవాలి. ఆ గీతే అసలు నెగటివ్. బొమ్మ ఏదైనా దానిలోంచి దాటి రావాలి.

ఇప్పుడు ఆ ఎర్రరంగు దగ్గరికి వద్దాం. నల్లసిరా కంటికి చిక్కగా కనపడినా అతినీలలోహితాన్ని అన్నిసార్లూ బాగా ఆపదు. నారింజ, ఆకుపచ్చ సిరాలు కంటికి పలచగా ఉండి కూడా కొన్ని ప్రింటర్లలో ఇంకా గట్టిగా అడ్డుపడతాయి. అందుకే బర్క్‌హోల్డర్ మొదలు ఎందరో రంగు నెగటివ్‌లు తీశారు. మన స్టూడియోల్లో కుంచెతో పూసిన ఎర్రరంగు చేసిన పనే ఇది. మాస్టారి తరం వేలికొసలతో తెలుసుకున్నదాన్ని ఇవాళ ప్రింటర్ సిరా చేస్తోంది.

మన డెల్టా గాలికి కొన్ని జాగ్రత్తలున్నాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో తేమకు షీటు మీద సిరా ఆరదు, ఆరినట్టు కనిపించి మందు కాగితానికి అతుక్కుంటుంది. షీటును ఒక రాత్రి ఆరనివ్వాలి. మందు పూసిన కాగితాన్ని దాచకూడదు, ఏపూటది ఆపూటే వాడాలి, లేకపోతే ఎండ చూడకుండానే నీలపడుతుంది. సిరా ఉన్న వైపే కాగితానికి ఆనాలి, కాబట్టి బొమ్మను అద్దంలోలా తిప్పి ప్రింటు తీయాలి. ఎండలో పెట్టాక గట్టి చీకటి భాగాలు నీలం దాటి బూడిదరంగుకు తిరిగేదాకా ఆగాలి. మధ్యాహ్నపు ఎండలో పది, ఇరవై నిమిషాల పని. కడగడానికి బోరునీళ్లు వద్దు. క్షారగుణం ఉన్న నీళ్లు నీలాన్ని తినేస్తాయి. మొదటి నీళ్లలో నిమ్మరసం పిండితే కాపాడుతుంది.

ఇంత శ్రమ ఎందుకని అడగొచ్చు. 1977 నవంబరు 19 ఉప్పెన తరవాత దివిసీమలో మిగిలిన ఇళ్లలో ఏం దొరికిందో చూసినవాళ్లు ఈ సభలో ఉన్నారు. మామూలు ఫొటోలో బొమ్మ జిలాటిన్ పొరలో ఉంటుంది. నీళ్లలో నానితే ఆ పొర ఉబ్బి, ఫ్రేము అద్దానికో పక్క ఫొటోకో అతుక్కుని, విడదీస్తే ముఖంతో సహా ఊడివస్తుంది. సైనోటైప్‌లో, ప్లాటినంలో అలాంటి పొర లేదు. బొమ్మ కాగితపు పీచులోనే ఉంటుంది, నీళ్లలో కడిగే దాన్ని తయారుచేస్తాం. ఇది ఉప్పెనకు లొంగదని నేను చెప్పను. నానినంత మాత్రాన ముఖం ఊడిపోదని మాత్రం చెప్పగలను. పోయినవాళ్ల ఒక్కగానొక్క ఫొటో కోసం ఏడ్చిన ఇళ్లున్న సీమలో అది చిన్న విషయం కాదు.

డెల్టా స్టూడియోల అటకల మీద నెగటివ్‌ల పెట్టెలు ఇంకా ఉన్నాయి. చాలావరకు వెండి తీయడానికి తూకానికి పోయాయి. మిగిలినవాటికి బూజు పడుతోంది. వాటిని తుడవకండి, ఎండలో పెట్టకండి, ఒకదాని మీద ఒకటి పేర్చకండి. పొడిగా, నిలువుగా, కాగితపు కవర్లలో పెట్టండి. వెలుతురు బల్ల మీద పెట్టి మంచి కెమెరాతో నకలు తీస్తే చాలు, అక్కడినుంచి కొత్త నెగటివ్ తీసుకోవచ్చు. ఈ పని మాస్టారి పెట్టెలతోనే మొదలుపెడదామని వారి కుటుంబాన్ని ఈ వేదిక మీదనుంచే అడుగుతున్నాను. స్టూడియో రిజిస్టరు కూడా కావాలి, ఎందుకంటే కవరు మీద నంబరే ఉంటుంది, మనిషి పేరు రిజిస్టర్లో ఉంటుంది. కొత్త నెగటివ్ తీసేటప్పుడు షీటు కింది అంచున ఆ పేరూ, ఊరూ, తేదీ తెలుగులో కూర్చి, బొమ్మతోపాటే తిప్పి ప్రింటు తీయండి. అప్పుడు పేరు కూడా ముఖంతోపాటు అదే ఎండలో, అదే ఇనుముతో కాగితంలోకి దిగుతుంది.