ఐదు క్వింటాళ్ల దెబ్బ

(పాఠశాల పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

పొద్దున పదో తరగతిలో ఒక అబ్బాయి అడిగాడు: "సార్, రివాల్వర్ అరచేతిలో పట్టేంతే ఉంటుంది గదా, లోపల మందు పేలితే అదెందుకు పగలదు?" అంతలో గంట కొట్టేశారు. ఆ జవాబు ఇప్పుడు చెబుతాను. నేను ముప్పై ఏళ్లుగా ఫోర్జింగ్ పనిలో ఉన్నాను. తుపాకులు మేం చెయ్యం. కానీ లోహం దెబ్బను ఎలా ఓర్చుకుంటుందో చూడడమే మా పని.

మన దేశంలో కాన్పూరు చిన్న ఆయుధాల కర్మాగారం పాయింట్ 32 రివాల్వర్ చేస్తుంది. దాని తూటా సుమారు 8 మిల్లీమీటర్ల మందం. అది పేలినప్పుడు లోపలి ఒత్తిడి గాలి ఒత్తిడికి దాదాపు వెయ్యి రెట్లకు చేరుతుంది. ఇంట్లో కుక్కర్ విజిల్ వేసేటప్పుడు ఉండేది రెండు రెట్లే. లెక్క వేస్తే తూటా అడుగుమీద పడే బలం సుమారు ఐదు క్వింటాళ్లు. ఆదోని యార్డులో ఐదు క్వింటాళ్ల పత్తి కుప్పను చూసినవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. అంత బరువు సెకనులో వెయ్యోవంతు కన్నా తక్కువ సేపట్లో చిటికెన వేలంత చోటును గుద్దుతుంది.

ఆ దెబ్బ పడేది తూటా వెనకున్న ఫ్రేమ్ గోడమీద. ఆ గోడ వెనక్కి పోవాలని చూస్తుంది. దాన్ని ముందు భాగంతో కట్టి ఉంచేవి సిలిండర్‌కు పైనా కిందా ఉండే సన్నని పట్టీలే. కోల్ట్ తొలి రివాల్వర్లకు పై పట్టీ ఉండేది కాదు. 1873 నాటి మోడల్‌కు పెట్టారు. కాన్పూరు రివాల్వర్ వెబ్లీ పద్ధతిది. గొట్టం కిందికి మడుచుకుంటుంది కాబట్టి అక్కడ పై పట్టీ, వెనక గోడ ఒకే ముక్క కాదు. రెంటినీ పట్టి ఉంచేది ఒక గొళ్లెం. అది వదులైతే ప్రతి దెబ్బకూ మరికొంత వదులవుతుంది.

చిన్నది చేయాలంటే తూటాను సన్నం చేయలేం. గోడలనే పలచన చేయాలి. అందుకే లోహం ముఖ్యం. 2014లో కాన్పూరులోనే మహిళల కోసమని 'నిర్భీక్' తెచ్చారు. టైటానియం మిశ్రలోహంతో చేశారు, బరువు సుమారు 500 గ్రాములు. ఒకే పరిమాణానికి ఉక్కు 7.8 తూగితే టైటానియం 4.5 తూగుతుంది. అయితే దాన్ని కోయడం కష్టం. వేడి లోహంలోకి పోకుండా కోసే పనిముట్టు అంచునే నిలిచి దాన్ని తినేస్తుంది.

కందికట్టెను పొడుగునా లాగితే తెగదు, అడ్డంగా విరిస్తే పుటుక్కుమంటుంది. లోహానికీ అలాంటి పోగు ఉంటుంది. కాల్చి అచ్చులో కొడితే ఆ పోగు ఫ్రేమ్ వంపుల వెంట తిరుగుతుంది. మన కమ్మరి గుంటక పాసను సాగగొట్టడంలో ఉన్నదీ ఇదే. తర్వాత పదును పెట్టాలి. తక్కువైతే సాగుతుంది, ఎక్కువైతే పెళుసెక్కుతుంది. చివరికి మామూలు కన్నా ఎక్కువ ఒత్తిడినిచ్చే తూటా పేల్చి చూస్తారు. తట్టుకుంటేనే ముద్ర వేస్తారు.

బాబూ, నీ ప్రశ్నకు జవాబు ఇదే. రివాల్వర్ పగలకపోవడం దాని గొప్ప కాదు. పగులుతుందేమోనని ప్రతి మెట్టులోనూ ఎవరో ఒకరు భయపడి చూస్తారు, అందుకే పగలదు.

ఇక నలభై ఏళ్లుగా దాచిన మాట ఒకటి. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా, మా వీధిలో ఒక అన్న చేలో పందులు పడుతున్నాయని నాటు తుపాకీ చేయించుకోవాలనుకున్నాడు. నీళ్ల పైపు ముక్క కావాలన్నాడు. పాత సామాన్ల కొట్లో వెతికి తెచ్చిచ్చింది నేనే. ఆ పైపుకు పొడుగునా అతుకు ఉంది. అది నీళ్లను ఆపడానికి వేసిన అతుకు. మొదటి దెబ్బకే విచ్చుకుంది. అన్న కుడిచేతి వేళ్లు మూడు పోయాయి. పైపు ఎవరిచ్చారని పెద్దలు అడిగితే నేను నోరు విప్పలేదు.

ఇప్పుడు మా దగ్గర వెంట్రుకవాసి పగులు కనిపించినా ముక్కను పక్కన పెట్టేస్తాను. సరుకు ఆలస్యమవుతోందని తిట్టినవాళ్లున్నారు. నాకు కనిపించేది ఆ చెయ్యి.

నిన్న రాత్రి ఆ అన్న ఇంటికి పోయి చెప్పాను. ఆయన నవ్వి, "నువ్వు తెచ్చిచ్చిన సంగతి నాకు తెలీదారా? అడిగింది నేనే గదా. నీ పేరు ఎందుకు చెప్తాను?" అన్నాడు. ఈ సంగతి ఇక్కడ చెప్పడానికి ఆయన్ను అడిగే వచ్చాను.

పిల్లలూ, లైసెన్సు లేకుండా తుపాకీ చేయడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. అది పోలీసులు చెప్పే మాట. నేను చెప్పేది ఇంకా చిన్నది. ఎవరైనా మిమ్మల్ని పైపు ముక్క తెచ్చిమ్మంటే, ఎందుకని అడగండి. నేను అడగలేదు.

సెలవు.